అత్తయ్య గ్రైండర్, నా తూటాలు

అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో, మా గ్యారేజీలో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, నా చేతికి రైఫిల్ ఇచ్చినవాళ్ళని మీరు తిట్టుకుంటారు. రైఫిల్ పాపం ఏమీ చేయలేదు. ప్రాణం పోయింది ఇడ్లీ పిండికి.

గ్రీన్ కార్డ్ వచ్చిన కొత్తలో నాకు షూటింగ్ పిచ్చి పట్టింది. గురువు పక్కింటి డేల్, రిటైరైన మెకానిక్. పేలాక మిగిలే ఇత్తడి గొట్టాల్ని, అంటే కేసుల్ని, బాగుచేసి మళ్ళీ నింపుకోవచ్చని ఆయనే చెప్పారు. "ముందు పగుళ్ళున్నవి ఏరి పారెయ్. మిగతావి గ్లవ్స్ వేసుకుని కడుగు. దానికి టంబ్లర్ అని తిరిగే డ్రమ్ము దొరుకుతుంది, కొనుక్కో" అన్నారు.

టంబ్లర్ ఫొటో చూసి నవ్వుకున్నాను. ఇది మా వంటింట్లో ఉన్నదేగా. మా అత్తయ్య, అమెరికా కరెంటుకి పనికొచ్చేది వెతికి, తన చీరలు తగ్గించుకుని మరీ మోసుకొచ్చిన గ్రైండర్. లోపలి రాళ్ళు తీసేస్తే ఉత్త డ్రమ్మే. ఇక ఇత్తడి తోమడం నాకొకరు నేర్పాలా? దీపారాధన కుందులు తోమిన చేతులండీ ఇవి. దాన్ని గ్యారేజీకి మోసుకెళ్ళి, కేసులు పోసి, చింతపండు పిసికి తిప్పాను. కేసులు కొత్త కాసుల్లా మెరిశాయి. గ్రైండర్ కడిగి, రాళ్ళు బిగించి, వంటింట్లో యథాస్థానంలో పెట్టి, వాటిని డేల్‌కి చూపించడానికి బయల్దేరాను.

మర్నాడు మా ఆయన శ్రీధర్ ఆఫీస్ టీమంతా మా ఇంటికి టిఫిన్‌కి వస్తున్నారు. ఇడ్లీ పిండి శ్రీధర్ తనే రుబ్బుతాడు, ఇంకొకర్ని నమ్మడు. పొద్దుటే పప్పు నానబోశాడు కూడా. ఇదంతా నాకు ముందే గుర్తుండాల్సింది.

డేల్ ఇంట్లో లేరు. ఆయన భార్య ఐస్‌డ్ టీ ఇచ్చి కబుర్లలో పెట్టింది. చివరికి డేల్ వచ్చి ఒక కేసు వెలుతురులో తిప్పి చూశారు.

"ఇంత మెరుపు నేనెప్పుడూ చూడలేదు. ఏ మెషీన్?"

"మా వంటింటిదే. పిండి రుబ్బుతాం."

"తినే పిండా?"

"తినేదే."

ఆయన కేసు కింద పెట్టేశారు. "పేలిన మందు మసిలో సీసం ఉంటుంది. గ్లవ్స్ వేసుకోమన్నదీ, వేరే డ్రమ్ము కొనమన్నదీ అందుకే. ఎంత కడిగినా, ఇక దాంట్లో చేసింది తినకూడదు."

పరుగున ఇంటికొచ్చాను. శ్రీధర్ పిండి గిన్నె ముందు వెలిగిపోతున్నాడు.

"సుధా, ఇటు రా. ఇప్పుడే రుబ్బాను, అప్పుడే పులుపు వాసన. ఏం చెయ్యో నాది."

"నోట్లో వేసుకున్నావా?"

"ఇంకా లేదు. ఉప్పు చూద్దామని..."

"గరిట కింద పెట్టు. అది చింతపండు వాసన."

అంతా విని గరిట సింక్‌లో పడేశాడు. "తూటాలు కడగడానికి మా అమ్మ గ్రైండరే దొరికిందా?"

"రాళ్ళు తీసే తిప్పాను కదా."

"నీ రైఫిల్‌లో నేనెప్పుడైనా మినప్పప్పు పోశానా?"

పిండి చెత్తబుట్ట పాలైంది. మర్నాడు టీమంతా డోనట్లు తిన్నారు. నెలరోజులుగా వాళ్ళని ఇడ్లీలతో ఊరించినవాడు ఎవరి మొహమూ చూడకుండా ఆ డబ్బా తెరుస్తుంటే, నేను కాఫీ వంకతో వంటింట్లోకి జారుకున్నాను.

గ్రైండర్ శాశ్వతంగా గ్యారేజీ పాలైంది. ఈలోగా డేల్, కేసులు తోముకోవడానికి అలాంటిదే తనకీ కావాలన్నారు.

"నిజం తెలిస్తే అమ్మ ఫ్లైట్ ఎక్కి వచ్చి నిన్ను రుబ్బుతుంది" అని, శ్రీధర్ వాళ్ళమ్మకి ఫోన్‌లో సగమే చెప్పాడు. "అమ్మా, పక్కింటాయనకి నీ గ్రైండర్ తెగ నచ్చింది. తనకొకటి కావాలట. మాదీ పాడైంది, రెండు తీసుకురా."

అత్తయ్య పొంగిపోయారు. వచ్చేటప్పుడు రెండు గ్రైండర్లు, డేల్ కోసం విడిగా ఇడ్లీ రేకులూ తెచ్చారు. వారం తిరక్కుండానే, "పాపం, ఆయనకి ఇడ్లీలు ఎలా వస్తున్నాయో చూసొస్తా" అంటూ లేచారు. నేను ఆపేలోగానే ఆవిడ డేల్ గ్యారేజీలోకి వెళ్ళిపోయారు. నేనూ వెనకాలే పరిగెత్తాను. ఎదురుగా బల్ల మీద ఇడ్లీ రేకులు, గుంట గుంటలో తళతళలాడే కేసులు.

అత్తయ్య ఒక కేసు తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇడ్లీల సంగతేమో గానీ, ఇత్తడి ఎంత బాగా తోముతాడే. మన కుందులు కూడా ఈయనకే ఇద్దాం."

అప్పటికప్పుడు ఇంటికొచ్చి కుందులన్నీ సంచీలో సర్దడం మొదలుపెట్టారు. అవి డేల్ దగ్గరికి వెళ్తే, ఆయన ఏ మెషీన్‌లో తోముతాడో తెలిసి నా గుట్టంతా బయటపడుతుంది. అందుకే ఇదిగో, తినేదీ పేలేదీ ఈ జన్మలో ఒకే పాత్రలో వేయనని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆ సంచీ లాక్కుని, సింక్ ముందు నిలబడి, చేత్తో కుందులు తోముతూ చేస్తున్న ప్రతిజ్ఞ ఇది.