రెండు–ఏడా, ఏడు–రెండా

సారు పోయినారని ఆయన కూతురు సోమవారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వాలిపోయారట. వయసు డెబ్బై ఆరు. విలేకరి అలవాటు కొద్దీ ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అని అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది.

ఈ ప్రాంతంలో డీటీపీ నేర్చుకున్నవాళ్లు ఆయన పుస్తకాల్లో ఒక్కటైనా చూసే ఉంటారు. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో ఐదు పుస్తకాలు రాశారు. మొదట ఆయన కోలారు బంగారు గని డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు. సొరంగాల పటాలను పలచని కాగితం మీద సిరాతో ఎత్తి గీసే పని. గనిలో పని తగ్గిపోతున్న రోజుల్లో కంప్యూటర్ నేర్చుకుని ఆండర్సన్‌పేటలో చిన్న షాపు పెట్టారు. నేర్చుకోను వచ్చేవాళ్లకు మెనూలోని ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. చెప్పిందే చెప్పి విసిగి, ఒక నోటుబుక్కులో రాసిపెట్టారు. అదే మొదటి పుస్తకం. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా మళ్లీ రాశారు.

ఆ పుస్తకాల్లో పాఠాలు ఉండవు, పనులు ఉంటాయి. పెళ్లిపత్రిక ఒక అధ్యాయం, టమాటా మండీ రసీదు ఒకటి, చర్చి పాటల పుస్తకం ఒకటి. “సాఫ్ట్‌వేర్ ఇయ్యాల ఉంటాది, రేపు పోతాది. కాగితం కొలత మారదప్పా” అనేవారు. జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. పెళ్లిభోజనానికి పిలిచినా ముందు పత్రిక తీసి మార్జిను కొలిచేవారు.

నేను ఆయన్ని కలిసింది కోపంతో. కోలారులో విలేకరిగా చేరిన కొత్తలో ఎనిమిది పేజీల పక్షపత్రిక ఒకటి వేశాను. ఇలాంటి దానికి కాగితం ఒక్కో వైపు రెండేసి పేజీలు పక్కపక్కన పడతాయి. మడిచాక వరుస కుదరాలంటే మొదటి కాగితం ముందువైపు ఎనిమిది, ఒకటి రావాలి. వెనకవైపు రెండు, ఏడు రావాలి. సారు పుస్తకం పట్టికలో వెనకవైపు ఏడు, రెండు అని ఉంది. నేను అలాగే వేశాను. మొదటి పేజీ తిప్పితే ఏడో పేజీ వచ్చింది. ఆ ప్రతులు కట్ట కట్టుకుని బస్సెక్కి సారు ఇంటికి వెళ్లాను.

“మీ పుస్తకం చూసే చేసినాను సార్” అన్నాను.

“సరే. కాగితం మడిచి, అంకెలేసి చూసుకుంటివా?”

“పట్టిక ఉండాది కదా సార్.”

“ఉంటే? బాయిలో దూకమని పట్టికేస్తే దూకుతావా?”

లోపల్నుంచి ఆయన భార్య అన్నారు: “కాఫీ ఇచ్చి తిట్టండి. అరిచి అరిచి ఆ అబ్బాయి గొంతెండిపోయింది.”

కాఫీ వచ్చింది. సారు నా చేత కాగితం మడిపించి, అంకెలు వేయించి, విప్పించారు. తప్పెక్కడో కనిపించింది. ఆ తర్వాత నేను మడవకుండా ఏ పేజీ కట్టలేదు. కానీ “పట్టిక తప్పే కదా సార్?” అని అడిగితే ఆయన అన్నది ఒకటే: “ఇంగో కాఫీ తాగుతావా?”

రెండో పుస్తకంలోనూ అదే తప్పు. అడిగితే “ప్రెస్సోళ్లు మార్చలేదప్పా” అన్నారు. మూడో పుస్తకానికి “నేనే మరిచినాను” అన్నారు. నాలుగోదానికి నవ్వేశారు. ఒకే ప్రశ్నకు ఒకే మనిషి ఇన్ని జవాబులిస్తే మా వృత్తిలో దేన్నీ అచ్చు వెయ్యం.

అంత్యక్రియల రోజు సమాధి దగ్గర ఇద్దరు దొరికారు. బూదికోటలో డీటీపీ షాపు నడిపేవాడొకడు, కోలారు ప్రెస్సువాడొకడు.

“ఆ తప్పుతోనే సారు దగ్గరికొస్తిని. లేకుంటే పుస్తకం చదివి మూసేసుంటాను” అన్నాడు బూదికోటవాడు.

“నీకేం! నేనేసిన పాటల పుస్తకం తారుమారైపోయ. పండగనాడు సగం మంది ఒక పాట, సగం మంది ఇంగొకటి. ఆ పాస్టరు ఇప్పుటికీ నాకు పనియ్యడు” అన్నాడు ప్రెస్సువాడు.

“మడిచి చూసుకోవాల కదప్పా.”

“పుస్తకం రాసినోడు సరిగ్గా రాయాల కదప్పా!”

ఇద్దరి మాటా కాదనలేకపోయాను.

మూడో రోజు సారు కూతురు నన్ను ఇంటికి పిలిచింది. ఆమె స్కూలు టీచరు. మొదటి పుస్తకాన్ని మళ్లీ వేస్తున్నారు, సారు దిద్దిన ప్రూఫులు టేబుల్ మీదే ఉన్నాయి. శుక్రవారానికి ప్రెస్సుకు పంపాలి.

“అంకుల్, తెలీక పడిన తప్పైతే నాన్న పేరుతో అది మళ్లీ పోకూడదు. కావాలని పెట్టిందైతే నేను దిద్దకూడదు. మీరు రిపోర్టరు కదా, ఏది నిజమో చెప్పండి.”

ఉన్న ఆధారాలన్నీ చూశాను. పాత నోటుబుక్కులో సారు చేతిరాతలో రెండు, ఏడు అని సరిగ్గానే ఉంది. కంప్యూటర్లో కొట్టిందీ ఆయనే, అక్కడ ఏడు, రెండు. కొత్త ప్రూఫులో ఆ పేజీ నిండా ఎర్రసిరా. ఒక కామా చేర్చారు, పట్టిక గీతను పిసరంత పైకి జరపమన్నారు. ఆ వరుసను మాత్రం ముట్టుకోలేదు. చూడలేదా? చూసి వదిలేశారా? కామాను పట్టుకున్న కన్ను అంకెను వదులుతుందా? వదలొచ్చు. నా కన్నే ఎన్నోసార్లు వదిలింది. గురువారం సాయంత్రం దాకా కూర్చుని, తెలియలేదమ్మా అని చెప్పాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట రాసి ఇచ్చింది లేదు.

ఆమె ప్రూఫు పేజీని తన ముందుకు లాక్కుంది. రెండు అంకెలనూ కొట్టేసి, గళ్లు ఖాళీగా ఉంచమని పక్కన రాసింది.

“అది ఇంకో తప్పవుతుందమ్మా” అన్నాను.

“కానీలే అంకుల్. ఇది నాది.”

శనివారం నేను వాళ్లింట్లో ఉండగా ప్రెస్సు నుంచి ఆపరేటరమ్మ ఆమెకు ఫోన్ చేసింది. “మేడం, పట్టికలో రెండు గళ్లు ఖాళీగా ఉండాయి. అంకెలు పడలేదు.”

“పడలేదు కాదమ్మా, వెయ్యలేదు.”

“చదివేవాళ్లకు తెలియకుంటే ఎవుర్ని అడగాల? చివరి పేజీలో సారు నెంబరే ఉండాది. తీసేద్దునా?”

ఆమె నా వైపు చూసింది. “ఉండనీ” అని ఫోన్ పెట్టేసింది.

పుస్తకం ఇంకా బయటికి రాలేదు. ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. నిన్న వెళ్లినప్పుడు ఆమె పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. వాటి పక్కనే సారు ఫోను చార్జింగులో ఉంది, తెర పైకి పెట్టి.