వెండి రంగు వేసిన చలికాలం

మా మిస్త్రీ చాచా పోయాడు. శుక్రవారం పొద్దున డ్యూటీకి వస్తుంటే గేటు దగ్గర ఆయా ఎదురొచ్చి, "అమ్మా, మిస్త్రీ చాచా లేడిగ. తెల్లారంగ పానం ఇడిసిండట" అని చెప్పింది. నేను తల ఊపి లోపలికి నడిచాను. పసిపిల్లల గదిలోకి వెళ్ళి, రోజూ చేసినట్టే, పైకప్పుకు బిగించిన ఇనుప పలక కింద రెండు అరచేతులూ పైకి చాపాను. సెగ తగిలింది. అప్పుడు ఏడుపొచ్చింది.

వరంగల్లులో ఒక చిన్న ప్రసూతి దవాఖానలో నేను నర్సును. ఇప్పుడు హెడ్ నర్సు అంటారు గానీ చేసే పని మారలేదు. ఆయన అక్కడే మిస్త్రీ. కరెంటు, నల్లాలు, గుడ్డలు ఉడికించే బాయిలరు, విరిగిన మంచం కోళ్ళు అన్నీ ఆయన చేతి కిందివే. రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. పెద్ద డాక్టరమ్మ మొదలు ఊడ్చే మనిషి దాకా అందరికీ చాచానే. పని చేస్తుంటే మాట్లాడడు, మాట్లాడితే పని ఆపుతాడు. రెండూ ఒకేసారి చేసేవాళ్ళంటే ఆయనకు నమ్మకం లేదు. నేను రెండూ చేసేదాన్ని. అందుకే మొదట్లో నన్ను చూస్తే ముఖం చిట్లించేవాడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో సెగపెట్టే పలక ఏమిటని మీకనిపించవచ్చు. నెల తక్కువ పుట్టిన బిడ్డకు రోహిణి కార్తె తెలియదు కదా. పుష్యమాసపు తెల్లవారుజాము చలికి పెద్దవాళ్ళమే ముడుచుకుపోతాం, రెండు శేర్లు తూగని పిల్లల సంగతి చెప్పేదేముంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెబ్బైల్లో, అమ్మమ్మలు కొంగు చాటున కుంపటి తెచ్చి మంచం కింద పెట్టేవాళ్ళు. మేం తీసేసేవాళ్ళం, వాళ్ళు మళ్ళీ పెట్టేవాళ్ళు. పొగకు పిల్లలు దగ్గేవాళ్ళు. పెద్ద బల్బులు వేలాడదీస్తే కరెంటు పోయినప్పుడల్లా గది చల్లబడేది. కరెంటు పోని రోజు ఉండేది కాదు.

డాక్టరమ్మ దగ్గర ఏదో విదేశీ పత్రిక ఉండేది. అందులో ఒక బొమ్మ. పెద్ద హాలు, కోట్లు విప్పి కుర్చీలకు తగిలించుకుని కూర్చున్న మనుషులు, వాళ్ళ నెత్తి మీద కప్పుకు బిగించిన బల్లపరుపు పలకలు. చలి దేశాల్లో బడులకూ దవాఖానాలకూ ఇట్లా కప్పు నుంచి వేడి దింపుతారని ఆమె చాచాకు చెప్పింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ బొమ్మను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎండ గూడ గంతేగదమ్మా," అన్నాడు. "మీదికెల్లి వస్తది, సక్కగ మనిషినే తాకుతది. పొగ లేదు, దుమ్ము లేదు. మన బాయిలరుకు కట్టెలు చాలు, కరెంటుతోటి పనేంది?"

నెల రోజులు పట్టింది. ఇనుప రేకులకు వెనకవైపు పైపులు మెలికలు తిప్పి బిగించాడు. పైన కొబ్బరిపీచు దట్టంగా పరిచాడు, వేడి కప్పులోకి పోకుండా. బాయిలరులో కాగిన నీళ్ళు ఆ పైపుల్లో తిరిగి మళ్ళీ బాయిలరుకే వస్తాయి. రేకు తుప్పు పట్టకుండా అడుగున ఎర్ర ప్రైమరు పూశాడు. అది అక్కడక్కడ మరకలు పడి, చూడ్డానికి పాత లారీ అడుగులా ఉండేది. కానీ దాని కింద నిలబడితే చలికాలపు పొద్దుటి ఎండలో నిలబడినట్టే.

రోజూ పొద్దున వచ్చి, రెండు అరచేతులూ పైకి చాపి, కళ్ళు మూసుకునేవాడు. కొత్తవాళ్ళు చూస్తే అల్లాకు దువా చేస్తున్నాడనుకునేవాళ్ళు. దువానా, సెగ చూసుడా అని నేనొకసారి అడిగాను. "రెండూ ఒక్కటే బిడ్డా. మీదికెల్లి వచ్చేదాన్ని పట్టుకునుడేగద," అన్నాడు. పైపు ముట్టుకుని చూస్తే చాలదా అంటే, "పైపు సంగతి పైపు చెప్తది. పిలగాండ్లకు ఏం అందుతాందో చెయ్యే చెప్తది," అన్నాడు. అప్పుడు నేను విన్నాను గానీ చెవిన పెట్టలేదు.

ఆ చలికాలం గట్టెక్కింది. మరుసటి ఏడు చలికాలానికి డాక్టరమ్మ నాకు ఆ గది అప్పగించింది. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ గది నాదేనన్నంత మిడిసిపాటు. హైదరాబాదు నుంచి ఒక పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. గోడలకు సున్నం వేయించాను, తెరలు ఉతికించాను. తలెత్తి చూస్తే ఆ ఎర్ర మరకల పలక ఒక్కటే కంట్లో నలుసులా ఉంది.

"చాచా, దీనికి గేట్లకు ఏసే వెండి రంగు ఏస్తే ఎట్లుంటది?" అన్నాను.

"మంచిగ నడిచేదాన్ని ముట్టద్దు బిడ్డా."

"సారు తల ఎత్తి చూస్తే జంగు పట్టిందనుకుంటడు. జర ఏయరాదు చాచా. ఒక్కదినం పిలగాండ్లను తల్లుల దగ్గర ఉంచుతం."

ఆయన తల గోక్కున్నాడు. నేను వదల్లేదు. చివరికి, "నీ గది, నీ ఇష్టం," అని డబ్బా తెచ్చాడు. సాయంత్రానికి పలక అద్దంలా మెరిసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

మర్నాడు సారు వచ్చాడు, తలెత్తి చూశాడు, మెచ్చుకున్నాడు, పోయాడు. సాయంత్రం పిల్లలను మళ్ళీ గదిలోకి తెచ్చాం. గోడ దగ్గర పైపు ముట్టుకుని చూశాను, కాలుతోంది. పక్కనే గోడకు థర్మామీటరు ఉంది. పైపు కాలుతోంది కదా అని దాన్ని చూడలేదు. చెయ్యి పైకెత్తి చూడలేదు. ఇంటికి పోయి, సారు మెచ్చిన మాట మా అమ్మకు రెండుసార్లు చెప్పాను.

పొద్దున వచ్చేసరికి నలుగురు పిల్లలు కాళ్ళు నీలంగా, పట్టుకుంటే చల్లగా ఉన్నారు. ఆయా పాపం చేతికందిన గుడ్డలన్నీ కప్పింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, పిల్లలను బట్టలు తీసి తల్లుల రొమ్ములకు ఆనించి పైన రగ్గులు కప్పించింది. ముగ్గురు తేరుకున్నారు. హసన్‌పర్తి నుంచి వచ్చిన కూలి తల్లి బిడ్డ, అందరిలోకీ చిన్నది, మధ్యాహ్నం కాకముందే పోయింది. అంత తక్కువ బరువు బిడ్డ ఎట్లాగూ కష్టమేనని డాక్టరమ్మ తర్వాత నాతో అంది. ఆ మాట నేను నమ్మలేదు.

చాచా గదిలోకి వచ్చి చేతులు చాపాడు. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. "పైపు కాలుతాంది. చెయ్యికి ఏం తెలుస్తలేదు," అన్నాడు. తర్వాత వంటగదికి పోయి రెండు గిన్నెలు తెచ్చాడు. ఒకటి బూడిదతో తోమి తళతళలాడేది, ఇంకొకటి అడుగూ పక్కలూ మసి పట్టింది. రెండింట్లో ఒకే బాయిలరు నీళ్ళు పోసి, పక్కన బెత్తెడు దూరంలో చేతులు పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. మసి గిన్నె వైపు చేతికి సెగ కొట్టింది. తోమిన గిన్నె వైపు దాదాపు ఏమీ లేదు.

"మెరిసేది దాసుకుంటది, మసిదే ఇస్తది," అన్నాడు. కోపంగా కాదు. తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ మాట ఇన్నేళ్ళలో నేను మరిచిన రోజు లేదు.

పక్కన బడికి పోయి నల్లబల్లకు వేసే రంగు అడిగి తెచ్చాడు. వెండి రంగంతా గీకి నల్లగా పూశాడు. మూలన అరచెయ్యంత మేర మాత్రం గీకకుండా వదిలేశాడు. అదెందుకని అడిగాను. "తెల్వనోళ్ళు వస్తరు బిడ్డా. చెప్తే ఇనరు, చెయ్యికే చూపెట్టాలె," అన్నాడు. రెండో రోజుకు గది మళ్ళీ వెచ్చబడింది. అమ్మమ్మలు పైకి చూసి, "పిలగాండ్ల బుగ్గకు చుక్క వెడ్తరు, గీళ్ళు కప్పుకే వెట్టిండ్రు," అని నవ్వుకున్నారు. మేమిద్దరం నవ్వలేదు.

విచారణ జరిగింది. డాక్టరమ్మ గదిలో ఆయన, నేను పక్కపక్కన నిలబడ్డాం. రంగు వేయమన్నది ఎవరని ఆమె అడిగింది.

"నేనే ఏసిన. నా బుద్ధి గట్ల పనిచేసింది," అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉండింది. తెరవలేదు. ఆయనకు మెమో ఇచ్చారు, వార్డు పని నుంచి తీసి వెనకాల నీళ్ళ పంపు దగ్గరికి పంపారు. రావలసిన హెడ్ మిస్త్రీ పని ఇంకొకరికి పోయింది.

బయటికొచ్చాక ఆయన వెంట పరిగెత్తాను. "చాచా, నేను పోయి చెప్త. నేనే ఏయమన్ననని చెప్త," అన్నాను.

ఆయన ఆగాడు. పని ఆపినప్పుడే మాట్లాడే మనిషి కదా, చేతిలోని పానాను గోడకు ఆనించాడు. "చెప్తే నిన్ను తీసేస్తరు. ఇంకెవలనో తెస్తరు, ఆమెకు గీ సలి తెల్వది. నీకిప్పుడు తెలిసింది. గా గదిల నువ్వే ఉండాలె బిడ్డా. నా ఫికర్ చెయ్యకు, పంపు కాడ ఉన్నా పైపు నా మాట ఇంటది."

నాకు ఊరటగా అనిపించింది. సిగ్గుచేటే గానీ అదే నిజం. ఆయన మంచితనం చాటున దాక్కోవడం అంత తేలిక. తోమిన గిన్నెనని నన్ను నేను తిట్టుకుంటూనే దాక్కున్నాను.

రిటైరయ్యే దాకా ఆయన పంపు దగ్గరి నుంచి రోజూ వచ్చి పలక కింద చేతులు చాపి పోయేవాడు. రావద్దని ఎవరూ అనలేదు. నాతో మామూలుగానే ఉన్నాడు. చలికాలం వస్తే ఒక్కటే అడిగేవాడు: "అందరు వెచ్చగున్నరా?" ఉన్నారంటే తల ఊపి పోయేవాడు. అదొక్క మాటకు సరైన జవాబు చెప్పడం కోసమే నేను ఇన్ని చలికాలాలు పనిచేశాను. ఆ గదిలో మళ్ళీ చలికి ఏ బిడ్డా పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. మగవాళ్ళు ఆయనను తీసుకుపోయారు. చాచీ లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన కూర్చుని, పదేళ్ళుగా గొంతులో ఉన్నది చెప్పాను. "చాచీ, ఆ రంగు నేనే ఏయమన్న. చాచా వద్దన్నడు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకు ఎరుకలేదు బిడ్డా. ఎన్నడు చెప్పలే," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "గప్పుడు సైకిల్ మీద హసన్‌పర్తి పోయిండు, గా పిల్ల తల్లి దగ్గరికి. నా చెయ్యితోటే అయిందని చెప్పి ఆళ్ళ అరుగు మీద కూసున్నడట. గాళ్ళు తిట్టలేదట, నీళ్ళిచ్చిండ్రట. ఇంటికొచ్చినంక రెండు దినాలు అన్నం ముట్టలే," అంది.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. ఆ బిడ్డ పోయిన మూడేళ్ళకు అదే తల్లి మా దగ్గరికే రెండో కాన్పుకు వచ్చింది. మళ్ళీ నెల తక్కువ బిడ్డ. నేను ఆమె ముఖం చూడలేక పక్కకు తిరిగితే, "అమ్మా, గా నల్లపలక కిందనే పండవెట్టుండ్రి," అంది. ఈమెకు పలక సంగతి ఎట్లా తెలుసని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ బిడ్డ నిక్షేపంగా ఇంటికి పోయింది. నేను మొక్కవలసిన గడప దగ్గరికి ఆయన ముందే వెళ్ళి, పలక సంగతి చెప్పి, నా బదులు తలవంచి వచ్చాడు. ఆ నమ్మకంతోనే ఆ తల్లి తిరిగొచ్చింది.

మర్నాడు శనివారం, జరిగినదంతా కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. మెమో మీద నా పేరుండాలని రాశాను. ఇప్పుడున్న డాక్టరు గారు చదివి, "ఇప్పుడెందుకమ్మా, ఆయనే లేడు కదా," అన్నారు. లేడు కాబట్టే, సార్, అన్నాను. ఫైల్లో పెట్టమని చెప్పి వచ్చాను. నన్నేం చేస్తారో తెలియదు. ఏం చేసినా పదేళ్ళు ఆలస్యమే.

ఈరోజు ముగ్గురు కొత్త నర్సమ్మాయిలు వచ్చారు. ప్రతి ఏడూ కొత్తవాళ్ళకు మొదటి పాఠం ఇదే. స్టూలు ఎక్కించి, మూలనున్న వెండి మచ్చకు దగ్గరగా ఒక చెయ్యి, పక్కన నలుపు కింద ఒక చెయ్యి పెట్టిస్తాను. వాళ్ళు ఉలిక్కిపడి నా వైపు చూస్తారు. ఒకప్పుడు పలకంతా ఈ రంగేనని, ఆ చలికి ఒక బిడ్డ పోయిందని చెప్తాను. తర్వాత కింద నిలబడి చేతులు చాపడం నేర్పిస్తాను. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పలకంతా వెండి రంగు వేయమన్నది ఎవరని. ఎవరో లెమ్మని దాటేసేదాన్ని.

ఈరోజూ ఒకమ్మాయి అడిగింది.

"నేను," అన్నాను. "వద్దన్నాయన మొన్న పోయిండు."

ముగ్గురూ నా వైపు తిరిగారు. చేతులు దించడం మరిచిపోయారు. నల్లపలక కింద ఆరు అరచేతులు ఇంకా పైకి చాపి అట్లాగే ఉన్నాయి.