నుదుటి మీది ముక్క

బైండింగ్ షాపులో అందరూ అతన్ని జిగురు అంటారు. చేతులకెప్పుడూ జిగురే, మనిషేమో బావని అంటిపెట్టుకునే ఉంటాడు. ఆ బావే భోజనాలవేళ కొత్తరకం పోకర్ నేర్పాడు. తలా ఒక ముక్క తీసి, చూసుకోకుండా నుదుటికి ఆనించుకోవాలి. ఎదుటివాళ్లది కనిపిస్తుంది, మనది కనపడదు. పెద్ద ముక్కది గెలుపు, అన్నిటికన్నా పెద్దది ఆసు. "నీది పెద్దదైతే నేను మీసం దువ్వుతాలేరా," అన్నాడు బావ అతని చెవిలో.

నిన్నటి పందెం ఆదివారం సెలవు; ఓడినవాడు ఆ రోజు గెలిచినవాడి బదులు పనికి రావాలి. ముక్క దించేసి తప్పుకుంటే ఈ ఆదివారం పోతుంది, నిలబడి ఓడితే ఆ పై ఆదివారం కూడా. ఈ ఆదివారమే జిగురు కూతురి పరుగుపందెం, వస్తానని మాటిచ్చాడు. బావ నుదుట రాజు. జిగురు ఆ మీసం వంకే చూశాడు. అది కదల్లేదు.

"దించేస్తున్నా బావా."

తీసి చూస్తే ఆసు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

"ఆటన్నాక ఇంతేరా బామ్మర్దీ!" అని బావ అప్పుడు దువ్వాడు మీసం.

ఇవాళ పనిలో జిగురు మాటిమాటికీ నుదురు తడుముకుంటున్నాడు, అందరికీ కనపడుతూ తనకొక్కడికే కనపడనిదేదో ఇంకా అక్కడ ఉన్నట్టు.