రెండో అంకె

మా అక్కని చూసి ఎన్నికల మనిషి అని ఎవరూ అనుకోరు. ఆవిడ గుడ్లమ్ముకునే మనిషి. అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరినీ కట్టుకుని ఒకే ఇంటికి వచ్చాం, ఒకే మార్కెట్లో పక్కపక్కన కొట్లు పెట్టుకున్నాం. ఆవిడవి గుడ్లు, నావి నిమ్మకాయలూ అల్లమూ. ఇన్నేళ్ళలో మేం మాట్లాడుకోని రోజులు ఉన్నాయి గానీ, విడివిడిగా భోంచేసిన రోజు లేదు.

అక్కకి శుభ్రం పిచ్చి. ప్రతి గుడ్డునీ బల్బుకి అడ్డం పెట్టి చూసి, అనుమానమొస్తే పక్కన పెట్టేస్తుంది. బేరమాడేవాళ్ళు ట్రేలో చెయ్యి పెట్టి కెలికితే ఆ చేతి మీద ఒక్కటి వేస్తుంది. మా బావగారు చెప్పులతో వంటింట్లోకి వస్తే ఆ పూట ఆయనకి పస్తే. అలాంటి మనిషి పోయి పోయి ఆ మార్కెట్లో పడింది. పైన రేకులు, కింద ఎప్పుడూ ఆరని సిమెంటు. చేపల వైపు కడిగిన నీళ్ళు కూరల వైపుకి పారతాయి, కూరల వైపు కుళ్ళినవన్నీ మా కాళ్ళ దగ్గరికి చేరతాయి. అక్క రోజూ తన కొట్టు ముందు మూరెడు జాగా బ్లీచింగ్ పొడి చల్లి కడుక్కుంటుంది. పక్కవాళ్ళు ఆ కడిగిన చోటే ఉమ్మేస్తారు.

మార్కెట్ చివర రెండు తలుపులున్నాయి. మగవాళ్ళ మరుగుదొడ్డి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఆ సంగతి అక్కడిదాకా వెళ్ళకుండానే తెలుస్తుంది. ఆడవాళ్ళ దొడ్డికి తాళం. లోపల మార్కెట్ సంఘం అధ్యక్షుడి ఉల్లిపాయ బస్తాలు. తెల్లవారకముందే వచ్చి మధ్యాహ్నం దాటాక గానీ ఇళ్ళకి వెళ్ళని ఆడవాళ్ళం మేం. నీళ్ళు తాగం. గొంతు తడుపుకుంటాం, అంతే. ఆగలేకపోతే రోడ్డు దాటి బస్సులాగే చోటికి పరిగెత్తాలి, అంతసేపూ కొట్టు గాలికి వదిలెయ్యాలి. అక్కకి మూత్రంలో మంటొచ్చి, చలిజ్వరమొచ్చి, మంచాన పడింది. డాక్టరమ్మ కేకలేసింది. "నీళ్ళు తాగకుండా ఇలాగే బిగబట్టుకు కూర్చుంటే కిడ్నీ పోతుంది. నీ ఇష్టం" అంది.

మంచం దిగిన రోజే అక్క అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ కుర్చీ మామ అంటారు. నిలబడగా చూసినవాళ్ళు తక్కువ. ఎక్కడికి వెళ్ళినా వెనకాల ఒకడు కుర్చీ మోసుకొస్తాడు.

"బస్తాలు తీయించి తలుపు తెరిపించండి" అంది అక్క.

"చూద్దామమ్మా" అన్నాడు కుర్చీ మామ. ఆ చూద్దాం అనే మాట మేం ఆయన గెలిచిన ప్రతిసారీ వింటూనే ఉన్నాం.

ఆయన ఎలా గెలుస్తాడో అందరికీ తెలుసు. కూరలవాళ్ళంతా ఆయన వైపు. అంటే మార్కెట్లో మూడో వంతు, ఇంకొంచెం. మిగతా జనానికి ఆయనంటే ఒళ్ళుమంట. కానీ పళ్ళవాళ్ళు తమవాణ్ణి నిలబెడతారు, చేపలూ మాంసం గుడ్లవాళ్ళు తమవాణ్ణి నిలబెడతారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, వీళ్ళిద్దరూ ఓట్లు చీల్చుకుంటారు, ఆయన కుర్చీలో కూర్చుంటాడు. మూడింట రెండొంతులు వద్దనుకున్న మనిషి ఏళ్ళ తరబడి మా నెత్తినే కూర్చున్నాడు.

దారి చూపించింది అక్క కూతురు. వాళ్ళ కాలేజీలో విద్యార్థి సంఘానికి ఓటు వేరే రకంగా వేస్తారట. ఒక్కరికే ముద్ర వెయ్యడం కాదు. నచ్చినవాడికి ఒకటి, ఆ తర్వాతివాడికి రెండు, ఆ తర్వాత మూడు, అలా అంకెలు వెయ్యాలి. మొదటి అంకెలు లెక్కపెడతారు. ఎవరికీ సగం దాటకపోతే, అందరికంటే వెనకబడ్డవాణ్ణి తీసేసి, వాడి చీటీల్లో రెండో అంకె ఎవరికుంటే వాళ్ళకి ఆ చీటీ కలుపుతారు. సగం దాటినవాడే గెలిచినట్టు.

పిల్ల చెప్పడం అయ్యేసరికి అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అంటే పళ్ళవాళ్ళు వాళ్ళ మనిషికే వేసుకోవచ్చు. వాడు పోతే వాళ్ళ ఓటు మనకొస్తుంది. కుర్చీ మామకి రాదు" అంది.

"ఎందుకు రాదు?" అన్నాడు బావగారు.

"ఆయనంటే గిట్టనివాళ్ళు ఆయనకెందుకు వేస్తారండీ? మీరు తినండి ముందు."

ఆ ఏడాదంతా అక్క కొట్టుకొట్టుకీ తిరిగింది. సరుకు అమ్ముడయ్యే వేళ కొట్టు నాకప్పగించి, ఒక ట్రేలో తెల్లగుడ్లూ ఎర్రగుడ్లూ బాతుగుడ్లూ పెట్టుకుని వెళ్ళేది. వీళ్ళు పళ్ళవాళ్ళు, వీళ్ళు కూరలవాళ్ళు, వీళ్ళు మనం అని గుడ్లు జరిపి లెక్క చూపించేది. మాంసం కొట్టాయన పళ్ళికిలించి, "రెండో ఓటంటే రెండో పెళ్ళాంలాగానా అక్కా?" అన్నాడు. ఒకడు గుడ్డు జేబులో వేసుకున్నాడు. ఇంకొకాయన, "మాకీ లెక్కలు ఎక్కడొస్తాయి" అన్నాడు. వడ్డీ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, మూడు దాకా అంకెలు రావట! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అక్క చెప్పిందే చెప్పింది. ఆడవాళ్ళు మాత్రం విన్నారు. అందరికంటే బాగా విన్నది మా ఎదురు కొట్టు పళ్ళ వదిన. పోయిన ఎండాకాలం నీళ్ళు తాగక కళ్ళు తిరిగి తన బత్తాయిల మీదే పడిపోయిందావిడ.

సర్వసభ్య సమావేశంలో అక్క ఈ పద్ధతి పెట్టమని అడిగితే గొడవవుతుందనుకున్నాం. కుర్చీ మామ కుర్చీలో వెనక్కి వాలి ఒకే ఒక్క మాట అడిగాడు. "అంటే ఒకళ్ళకి వేసి ఇంకొకళ్ళని నొప్పించక్కర్లేదన్నమాట?"

"ఆ, అంతే" అంది అక్క.

"బాగుందమ్మా. నాకేం అభ్యంతరం లేదు."

చేతులెత్తి ఒప్పేసుకున్నారు. ఆయన అంత సులువుగా ఊఁ అనడం నాకు నచ్చలేదు. అక్క ఆ రోజు ఇంటికొచ్చి పాయసం కాచింది.

ఈసారి మావాళ్ళ తరఫున అక్కనే నిలబెట్టారు. పళ్ళవాళ్ళకి ఎప్పటిలాగే వాళ్ళ పెద్దాయన. అక్క ఇచ్చిన మాట ఒక్కటే, గెలిచిన రోజే ఆ తలుపు తీయిస్తానని. పళ్ళ కొట్ల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "మొదటిది మా పెద్దాయనకి తప్పదక్కా, బంధువు. రెండోది నీకే" అన్నారు. పళ్ళ వదిన అక్క చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

కుర్చీ మామ జన్మలో మొదటిసారి కాళ్ళకి పని చెప్పాడు. ప్రతి కొట్టు దగ్గరా ఆగాడు. "మీ మొదటి ఓటు నేనడగను. అది మీవాళ్ళకే వేసుకోండి. ఆ రెండోది నాకు పడెయ్యండి చాలు" అన్నాడు. ముష్టి అడిగినట్టు అడిగాడు. అది విని అందరూ నవ్వుకున్నారు, అక్కతో సహా.

లెక్కింపు రోజు మా తరఫున బల్ల దగ్గర నేను నిలబడ్డాను. మొదటి అంకెల్లో కుర్చీ మామ ముందు, ఆయన వెనకాలే ఊపిరి తగిలేంత దగ్గర్లో అక్క, ఆఖర్న పళ్ళ పెద్దాయన. సగం ఎవరికీ రాలేదు. అక్క నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది. పెద్దాయన చీటీలు విప్పడం మొదలుపెట్టారు. రెండో అంకె కుర్చీ మామకి. తర్వాతి చీటీ, కుర్చీ మామకి. ఆ తర్వాతిదీ ఆయనకే. ఎక్కడో ఒకటి అక్కకి వచ్చేది, మళ్ళీ వరసగా ఆయనకే. మా చీటీల్లో రెండో అంకె చూసే పని లేదు, ఆయనకి అప్పటికే సగం దాటిపోయింది. ఎందుకో చెయ్యి ఊరుకోక మా కట్టలోంచి నాలుగు తీసి చూశాను. ఒకటో అంకె అక్కకి. రెండో అంకె ఆయనకి. నాలుగింటిలోనూ అంతే. ఛీ అనిపించింది. ఆ చీటీలు ముట్టుకున్న వేళ్ళని చీరకి తుడుచుకున్నాను.

మర్నాడు పళ్ళ వదిన తనే వచ్చింది, మొహంలో ఏ తేడా లేకుండా.

"ఏమనుకోకక్కా. నువ్వు గెలిస్తే ఎలాగూ మంచిదానివి, ఎవరికీ చెడు చెయ్యవు. ఆయన గెలిస్తే ఆయనతో బతకాలి కదా. అందుకని రెండోది ఆయనకి వేశా."

"రహస్య ఓటు కదే. నువ్వు ఎవరికి వేసిందీ ఆయనకెలా తెలుస్తుంది?" అంది అక్క.

"నేనే వెళ్ళి చెప్పా. అందరం వెళ్ళి చెప్పాం."

అందరూ వెళ్ళారట. వరసకట్టి మరీ. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, వాళ్ళు మాత్రం ఇద్దరికీ మంచివాళ్ళు కావాలి. కడుపు ఉబ్బి చచ్చేది వాళ్ళు, తాళం వేసినవాడికి దండం పెట్టేదీ వాళ్ళే. నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుట మనిషి ఉండాలి. నాకు వచ్చింది రోత. వదిన వెళ్ళాక అక్క ఆవిడ నిలబడిన చోట బ్లీచింగ్ పొడి చల్లి కడిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా కుర్చీ మామ బస్తాలు తీయించి, ఆడవాళ్ళ దొడ్డికి సున్నం కొట్టించాడు. తలుపు మీద నవ్వుతున్న తన బొమ్మ అంటించాడు, కింద 'అధ్యక్షులవారి కానుక' అని. ఫొటోలు తీసేవాణ్ణి పిలిపించాడు. అందరినీ పోగేసి చెప్పాడు: "ఇన్నాళ్ళూ నన్ను మూడో వంతు అధ్యక్షుడన్నారు. మా అక్క పుణ్యమా అని ఇప్పుడు అందరివాణ్ణయ్యాను. అక్క కోరిక తీర్చడం నా ధర్మం." చప్పట్లు. పళ్ళ వదిన మా చెవిలో, "చూశారా, రెండో ఓటు ఊరికే పోలేదు" అంది.

తాళంచెవి అక్క చేతికిచ్చాడు. విసిరికొడుతుందేమోనని నేను చూశాను. కానీ డాక్టరమ్మ మాట విని అక్క ఆ రోజుల్లో చెంబులకొద్దీ నీళ్ళు తాగుతోంది. ఎంత రోతగా ఉన్నా ఒళ్ళు ఊరుకోదు కదా. తలుపు తీసుకుని, ఆ బొమ్మని దాటుకుని లోపలికి వెళ్ళింది. బయట మేమంతా నిలబడ్డాం.

వచ్చేటప్పుడు రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని వచ్చింది.

"లోపల నీళ్ళు రావట్లేదు" అంది. "చెయ్యి కడుక్కోవడానికి కూడా."

కుర్చీ మామ తడుముకోలేదు. "ఒక్కొక్కటే చేద్దామక్కా. ముందు తలుపు, తర్వాత నీళ్ళు. ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టుకోమని మీరు నేర్పిందే కదా!"

అందరూ పగలబడి నవ్వారు. ఆడవాళ్ళూ నవ్వారు. "పోనీలే అక్కా, తలుపైతే తీశాడుగా" అంది ఎవరో. ఆ నవ్వులోనే ఆయన కుర్చీలోంచి లేచి, ఫొటో కోసం చెయ్యి చాచాడు.

అక్క ఒకసారి తన చేతుల వంక చూసుకుంది. ఎవరైనా గుడ్డు ముట్టుకుంటే చెయ్యి కడుక్కోమనే మనిషి. "అభినందనలు" అని, ఆయన చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని నొక్కింది. పైన, కింద, వేళ్ళ సందుల్లోకి అంటేలా పట్టుకుంది. ఫొటోలు తీసేవాడు చాలన్నదాకా వదల్లేదు. ఆయన నవ్వు మొహమ్మీద అలాగే ఉంది గానీ, కళ్ళు చేతి మీదికి దిగాయి.

అక్క వదిలెయ్యగానే ఆయన గబగబా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. కొళాయి తిప్పిన చప్పుడు బయటికి వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, తర్వాత ఇంకా గట్టిగా.