ఊ కొట్టకపోయినా నడిచిన కథ

మొన్న అటక దులుపుతూ పాత టేప్ రికార్డరు మూత తీశాను. కరిగిన రబ్బరు, తరతరాల బొద్దింకల సంసారం, మా ఉక్కునగరం క్వార్టరు దుమ్ము కలిపి కాచిన కషాయంలాంటి వాసన గుప్పుమంది. అంతే, నాలుగేళ్ల పిల్లాణ్ణయిపోయి, మూతి బిగించుకుని అక్కడే కూర్చుండిపోయాను.

తొంభైల మొదట్లో మా నాన్న స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసేవారు. డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పితే, చెమట ఉప్పు కట్టి, అది గోడకానుకుని దానంతటదే నిలబడేది. అంతటి మనిషి అన్నాల వేళకి వంజరం చేప పులుసు కలిపిన ముద్ద పట్టుకుని నాకు పీత కథ చెప్పేవారు. హార్బరులో ఆగిన ఓడ లంగరు గొలుసు పట్టుకుని పైకెక్కి, కెప్టెన్ అయిపోదామనుకున్న పీత అది. తొలకరికి మొదలెట్టిన పీత మామిడికాయలు దిగినా సగం గొలుసు దాటలేదు. ఎందుకంటే మధ్యమధ్య నేను ‘ఊ’ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోవాలి. అది మా ఇంటి రాజ్యాంగం. నేనేమో కావాలని ఊ బిగబట్టేవాణ్ణి. “కొట్రా బాబూ, పాపం పీత సేతులు నొప్పెడతన్నాయి” అని బతిమాలేవారు నాన్న. లోకంలో నా మాటమీద కదిలేది ఆ పీత ఒక్కటే!

బి షిఫ్టు పడిందంటే రాత్రి భోజనాలకి నాన్న ఉండరు, నేను ముద్ద ముట్టను. ఆ రోజుల్లోనే మామయ్య వన్ టౌన్‌లో బేరమాడి కొన్న టేప్ రికార్డరు మా ఇంటికొచ్చింది. “నాన్నకి జలుబురా. గదిలో పడుకున్నారు. నీకంటుకుంటాది, లోపలికెళ్లకు. అక్కణ్ణించే సెప్తారు, తిను” అంది అమ్మ. కర్టెను వెనకనుంచి నాన్న గొంతు వచ్చింది. సరిగ్గా నా ఊ పట్టేంతసేపు ఆగి మరీ చెప్పింది. ఆ వారమంతా కుడితి తాగే దూడలా తిన్నాను.

చివరికి ఓ చేప ముల్లు నా కళ్లు తెరిపించింది. గొంతులో గుచ్చుకుని ఊ కొట్టలేకపోయాను. కథ ఆగలేదు. “నాన్నా, ఆగు!” అన్నాను. ఆగలేదు. “పీత సచ్చిపోయింది!” అని అరిచాను. చచ్చిన పీత ఇంకో లంకె ఎక్కేసింది. కర్టెను లాగేసి చూద్దును కదా, నాన్న తలగడమీద టేప్ రికార్డరు! అమ్మ దానికి మెడదాకా దుప్పటి కూడా కప్పింది. జలుబు కదా మరి.

పొద్దున్నే నాన్నని నిలదీశాను.

“నీ ఊ కోసం సోటు వదిలినాను కదరా!” అన్నారు, రెండెకరాలు రాసిచ్చినట్టు.

నేను లేకుండానే నాకు చోటు! ఆ తర్వాత ఆయన నిజంగానే ఎదురుగా కూర్చుని చెప్పినా నేను మూతి విప్పలేదు. ఆగారు. ముద్ద ఎండింది. పీత గొలుసు మధ్యలో వేలాడుతూ ఉండిపోయింది. నేను నా చేత్తో తినడం నేర్చుకున్నాను.

నాన్న రిటైరై ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. నా మూడేళ్ల కూతురు ఫోను చూస్తేగానీ తినదు. ఆ ఫోను చెప్పే కథలు పిల్ల ఏడ్చినా ఆగవు, నిద్రపోయినా ఆగవు. ఊ పెట్టే సందే వాటిలో లేదు. నన్ను మోసం చేసిన డబ్బాకి పాపం ఆ మర్యాదైనా ఉండేది.

నిన్న సాయంత్రం ఫోను చార్జింగు అయిపోయి ఇల్లు దద్దరిల్లింది. “ఏడవకమ్మా, నాను సెప్తాను” అని నాన్న ముద్ద కలిపారు. “అలాగా, ఆ పీత గొలుసు సగంలో వేలాడతంటే...” అని ఆగారు. పిల్ల చూసింది. ఆయన ఆగే ఉన్నారు. బుల్లి వేలితో ఆయన బుగ్గమీద టకటకా నొక్కింది. కదల్లేదు. బుగ్గని పక్కకి తోసి చూసింది. “తాతయ్య పాడైపోయాడు” అని తేల్చేసింది.

నాన్న ముద్ద పట్టుకుని ఆ చిన్న మూతి వంకే చూస్తున్నారు.

గదిలోంచి, కర్టెను వెనకనుంచి, నేను “ఊ” అన్నాను.

“బతికించినావురా” అన్నారు నాన్న, తల తిప్పకుండానే. పీత ఇంకో లంకె ఎక్కింది. పిల్ల మాత్రం ఆయన వీపు తడుముతూ చార్జరు గుచ్చే చోటు వెతుకుతోంది.