మూడు గంటల రాత

కథలు రాసేవాడిని కదా అని దీన్ని కూడా కథల్లో కలిపేయకండి. ఇది జరిగింది. నాకే.

ముందు మాచర్లలో రాతి పని చేశాను. పలకలు కోసే మిషను నా చూపుడు వేలిని కూడా పలకే అనుకుంది. అప్పటినుంచి నా అక్షరాలు ఎడమకి వాలతాయి. తర్వాత సత్తెనపల్లి బస్టాండులో టీ అమ్మాను. ఆ తర్వాత నరసరావుపేట దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో రాత్రి పని. రాతి అయింది, రాత్రి అయింది... ఇక రాత ఒక్కటే మిగిలింది.

సూపర్‌వైజరు మస్తాన్ బాబాయ్ మొదటి రోజే చెప్పాడు. "గంటగంటకీ లోపల చూసొచ్చి రిజిస్టర్లో రాయాల. ఒక్క గంట ఖాళీగా కనపడిందా, పొద్దున్నే ఇంటికి పోవడమే. ఇనపడిందా?"

ఇనపడింది. నా ఉద్యోగాలు లెక్కపెట్టడం ఇంట్లో అప్పటికే మానేశారు. ఇదీ పోతే ఏ ముఖంతో వెళ్లను?

ఆ రోజు కూలీలు తక్కువయ్యారని పగలు కూడా బస్తాలు మోశాను. రాత్రి ఒంటిగంటకి 'అంతా బాగుంది' అని రాసి, బల్లకి పది అడుగుల అవతల ఖాళీ గోతాల మీద... ఊరికే నడుం వాల్చాను.

చప్పుడు.

గర్... గర్... కాగితం మీద పెన్ను.

ఆ మిర్చి ఘాటుకి అక్కడ అడుగుపెట్టినవాడు ఎవడైనా దగ్గాల్సిందే. దగ్గు లేదు. పెన్ను ఒక్కటే. కళ్లు తెరవలేదు... భయం సగం, అలసట సగం.

ఆగింది.

లేచాను. ఎవరూ లేరు. ఎవరూ ఎత్తుకుపోకుండా పెన్నుని పురికొసతో రిజిస్టరుకి కట్టి ఉంచుతాం. అది బల్ల అంచున వేలాడుతూ... మెల్లగా... ఊగుతోంది.

మూడు దాటింది. రెండు గంటల వరుసలో, నేను రాయని 'అంతా బాగుంది.' మూడు గంటల వరుసలో...

'వాచ్‌మన్ నిద్రపోతున్నాడు. చానా అలిసిపోయాడు. లేపలేదు.'

అక్షరాలు ఎడమకి వాలి ఉన్నాయి.

చించితే దొంగని. ఉంచితే సోమరిని. ఉంచేశాను.

పొద్దున మస్తాన్ బాబాయ్ రెండుసార్లు చదివాడు. "ఒరేయ్, నిద్రపోయినట్టు నువ్వే రాసుకున్నావేందిరా?"

"నేను రాయలేదు బాబాయ్."

"నీ రాతే గదరా ఇది!"

"నా రాతే... రాసింది నేను కాదు."

"నీ రాత నేనేం మార్చలేను. ఇంటికి పో." గేటు దాకా వచ్చి మాత్రం గొంతు తగ్గించాడు. "ఎవుడు రాశాడో గానీ... బాగా రాశాడ్రా."

నాకొచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. అదీ నాకో కాదో తెలియదు.

తర్వాత చాలా రాశాను. కొన్ని అచ్చయ్యాయి కూడా. అలాంటి మూడు ముక్కలు మళ్లీ పడలేదు. కథ కదలని రాత్రుల్లో నోటుబుక్కు తెరిచి, పెన్నుకి పురికొస కట్టి పడుకుంటాను. పొద్దునకి పేజీ ఖాళీగానే ఉంటుంది.

ఒక్కోసారి మాత్రం... పెన్ను ఊగుతూ ఉంటుంది.

ఫ్యాను గాలికే అయ్యుంటుంది.