అవతలి పక్షం బాబాయి

మా బాబాయి ఎప్పుడూ అవతలి పక్షమే. అవతల ఎవరున్నారన్నది ఆయనకు అనవసరం. నేను క్యారమ్స్ ఆడుతుంటే నా వెనకే కూర్చుని ఎదుటివాడికి సలహాలిచ్చేవాడు. మా ఇంట్లో దొంగ పడితే, వివరాలు రాసుకోవడానికొచ్చిన పోలీసుతో, "గడియ అలా ఊగిపోతుంటే పాపం వాడు మాత్రం ఏం చేస్తాడండీ" అన్నాడు. పెళ్ళికి ముందు పిన్నిని కూర్చోబెట్టి, తనను చేసుకుంటే కలిగే నష్టాలన్నీ ఏకరువు పెట్టాడట. పిన్ని ఒక్కొక్కటీ ఖండించి మరీ చేసుకుంది. ఇప్పుడు మాత్రం ఆయన చెప్పిందే నిజమంటుంది.

మా వదిన ఇందుకు పూర్తిగా వేరు. ఆవిడకు అసలు పక్షమే లేదు. ఎవరేమన్నా "సరేలెండి" అంటుంది. బుట్ట అడుగునున్న పుచ్చు వంకాయలు అంటగట్టినా సరేలెండి. బస్సులో తన సీట్లో ఎవరో కూర్చున్నా సరేలెండి, నిలబడే వస్తుంది. చేతిలోకి సూది వచ్చిందంటే మాత్రం ఆవిడకు తిరుగులేదు. బిగుతు చొక్కా వదులవుతుంది, చిరిగిన చోటు వెతికినా కనపడదు. వీధిలోవాళ్ళంతా బట్టలు తెచ్చి ఒళ్ళో పడేసి, ఉత్తినే కుట్టించుకుపోయేవారు.

అలాంటి వదిన ఒకరోజు అన్నాల దగ్గర, "పాత బట్టలు సరిచేసే కొట్టు పెట్టుకుంటాను" అంది. పెళ్ళయ్యాక ఆవిడ తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వీధి చివరి మార్కెట్ కాంప్లెక్సులో మెట్ల కింద ఒక గది ఖాళీగా ఉంది. కావలసినవాళ్ళు వ్యాపార ప్రణాళిక రాసి తెచ్చి కాంప్లెక్సు కార్యదర్శికి వివరించాలి. ఆయనకు నచ్చితేనే గది. మా తాహతుకు అందే అద్దె ఊరు మొత్తమ్మీద ఆ గదిదే.

"రాయడానికి నేను సాయం చేస్తాను" అన్నాడు బాబాయి. అందరి గుండెల్లో రాయి పడింది.

వదిన "పోటీదారులు" అని శీర్షిక పెట్టిందో లేదో, బాబాయి మెడలో టేపు వేసుకుని పోటీ టైలరైపోయాడు.

"నా కడుపు కొడతావా అమ్మాయ్?"

"అయ్యో, లేదండీ. సరేలెండి, మానేస్తాను."

"మానేస్తే ప్రణాళిక ఎలా అవుతుంది? నాతో పోట్లాడు."

మర్నాడు ఖాతాదారుడయ్యాడు. "రెండంగుళాలు తగ్గించమంటే నాలుగు తగ్గించావు" అంటూ తన పాంటు ఊపుతూ ఇల్లెగిరిపోయేలా అరిచాడు. వదిన ఆ పాంటు ముట్టుకోనేలేదు. ఆ ముక్క బయటపెట్టడానికి ఆవిడకు సాయంత్రం దాకా పట్టింది. ఇంకోరోజు ఏకంగా కుట్టుమిషనై మొరాయించాడు. పిన్ని నూనెడబ్బా పట్టుకొచ్చేదాకా కదల్లేదు.

ఇలా కొన్నాళ్ళు సాగాక ఒక మధ్యాహ్నం, "మామయ్యగారూ, మీరు కాసేపు నోరు మూసుకుంటే నేను చెబుతాను" అంది వదిన. ఇల్లంతా బిత్తరపోయింది. బాబాయి మొహం చింకి చాటంత అయింది. మరుక్షణమే గొంతు సవరించుకుని, "ఇప్పుడు కార్యదర్శి తరఫున అడుగుతున్నాను" అని మొదలుపెట్టాడు.

అసలు రోజు రానే వచ్చింది. వదినకు తోడుగా బాబాయీ నేనూ వెళ్ళాం. కార్యదర్శి కాగితాలన్నీ తిరగేసి మర్యాదగానే మాట్లాడాడు.

"బాగానే రాశారమ్మా. కానీ ఇక్కడ ఇప్పటికే ఇద్దరు టైలర్లున్నారు. మూడోది నడవడం కష్టం."

కొత్త చోటు, కొత్త మనిషి. వదిన నోటికి పాత మాటే వచ్చింది. "సరేలెండి" అంటూ కాగితాలు తీసేసుకుంది. నా ప్రాణం ఉసూరుమంది.

"నేనూ మొదట్నుంచీ అదే చెబుతున్నానండీ" అన్నాడు బాబాయి, కుర్చీని కార్యదర్శి పక్కకు జరుపుకుంటూ. "ఈ అమ్మాయి వల్ల కాదు. ఆ టైలర్లు ఊరుకుంటారా?"

ఆయన్ని అక్కణ్ణుంచి ఎత్తుకుపోవాలన్నంత కోపం వచ్చింది నాకు. వదిన కాగితాలు మళ్ళీ బల్లమీద పెట్టింది.

"మామయ్యగారూ, మీకెన్నిసార్లు చెప్పాలి? వాళ్ళు కొత్తవే కుడతారు, పాతవి ముట్టుకోరు. ఇద్దరితోనూ మాట్లాడాను. అలాంటివి వస్తే నా దగ్గరికే పంపుతామన్నారు."

"జిప్పు మార్చుకోవడానికి ఎవరైనా పనిగట్టుకుని మెట్లెక్కి వస్తారా?"

"గది మెట్ల కిందుంది. ఎక్కక్కర్లేదు."

"మిషను పాడైతే?"

"బాగుచేసుకోవడం నేర్చుకున్నాను. మిమ్మల్నే బాగుచేశాను, అదెంత?"

బాబాయి మళ్ళీ నోరు తెరవబోయాడు. "మీరు కాస్త ఆగండి పెద్దాయనా, ఆవిణ్ణి చెప్పనివ్వండి" అని కసిరాడు కార్యదర్శి. వదిన చెప్పింది. ఎక్కడా తడుముకోకుండా, ఒక్క కాగితమైనా చూడకుండా చెప్పింది. అంతా విన్నాక ఆయన సొరుగులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఒకటో తారీకు నుంచి తెరుచుకోండమ్మా. ఈయన్ని మాత్రం కొట్టు ఛాయలకు రానివ్వకండి."

బయటికొచ్చాక వదిన ఆ గది తలుపు తీసి చూసుకోవడానికి చిన్నపిల్లలా పరుగెత్తింది. బాబాయి మాత్రం మెట్లమీద కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కనే కూర్చుని ఆయన చేయి పట్టుకున్నాను.

"ఏమైంది బాబాయ్?"

"పొద్దుట్నుంచీ ఒకటే దడరా" అన్నాడు మెల్లగా. "అక్కడ నన్ను తిట్టకుండా మర్యాద చేస్తుందేమోనని."